పెరిగే పిల్లకు అరంగుళం

మా వీధిలో ఆపా కుట్టుమిషన్ ఆగిందంటే ఎవరూ ఆ ఇంటికి వెళ్ళరు. అది అందరికీ తెలిసిన పద్ధతి. మిషన్ ఆగిందంటే లోపల ఆమె పాపకు ఊపిరి ఆగిందని అర్థం. ఆపా తొక్కడం మానేసి పాప ముఖంలోకి చూస్తూ కూర్చుంటుంది. అరనిమిషం కావచ్చు, ముప్పావు నిమిషం కావచ్చు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే. ఆ సమయంలో ఎవరైనా వెళ్ళి గుమ్మంలో నిలబడి ఏమైందని అడిగితే ఆమెకు ఒళ్ళు మండుతుంది. "ఏమైతే మీరేం చేస్తరు? గాలికి అడ్డం నిలబడకుండ్రి" అని కసురుతుంది. అందుకని పక్కింటివాళ్ళు, ఎదురుగా కిరాణా కొట్టు ఆయన, ఎక్కడివాళ్ళక్కడ ఆగి వింటూ ఉండేవారు. మళ్ళీ మిషన్ చప్పుడు మొదలైతే ఎవరి పని వాళ్ళు చేసుకునేవారు.

పోయిన నెల చివరి వారంలో, పగలు పదకొండు గంటల వేళ మిషన్ ఆగింది. అందరూ ఆగారు. చాలాసేపు ఆగారు. "ఈసారి పాపకు గట్టిగనే వచ్చినట్టుందనుకున్న మేడం, మధ్యల పోతే ఆపా తిడ్తది గదా" అన్నాడు కిరాణా కొట్టు ఆయన నాతో, తల పట్టుకుని. ఎంతకీ చప్పుడు మొదలుకాకపోతే పక్కింటి ముసలమ్మ ధైర్యం చేసి తొంగిచూసింది. పాప చాప మీద బాగానే ఉంది. కళ్ళు తెరుచుకుని తల్లినే చూస్తోంది. ఆపా మిషన్ మీదికి వాలిపోయి ఉంది. సూది కింద ఎవరిదో జాకెట్ చెయ్యి సగం వరకు కుట్టి ఉంది. దవాఖానాకు తీసుకుపోతే, గుండె ఆగి గంట దాటిందన్నారు.

ఆపా ఎప్పుడు పుట్టిందో, ఎంత చదివిందో నాకు తెలియదు. పుట్టిల్లు జూలూరుపాడు అనీ, పెళ్ళయి భద్రాచలం వచ్చిందనీ, భర్త ఆటో నడుపుతాడనీ మాత్రం తెలుసు. నాది కుసుమంచి. పదకొండేళ్ళుగా ఇక్కడ ఒక ప్రైవేటు రక్తపరీక్షల ల్యాబులో టెక్నీషియన్‌గా చేస్తున్నాను. ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళను నేను చూడలేదు. ఆమెకంటే పెద్దవాళ్ళకూ ఆమె ఆపానే, అంటే అక్కే. నన్ను "చెల్లె" అనేది. కోపం వస్తే "మేడం" అనేది. మేడం అన్నదంటే ఆ రోజు నాకు మూడినట్టే.

నోట్లో గుండుసూదులు పెట్టుకుని మాట్లాడటం ఆమె అలవాటు. పెదవుల మధ్య నాలుగైదు సూదులు బిగించి, ఆ పక్కనుంచీ ఈ పక్కనుంచీ మాటలు జారవిడిచేది. "మింగుతవ్ ఆపా" అంటే "ఇరవై ఏండ్ల సంది మింగలే, ఇయాల నీ కోసం మింగుతనా?" అనేది. సూదులు తీసి పక్కన గుచ్చి మాట్లాడిందంటే మాత్రం విషయం పెద్దదని మేం సర్దుకుని కూర్చునేవాళ్ళం.

టేపు పట్టుకుంటే ఆమె కొలత ఒక్కటే తీసేది కాదు, ఒంటిని చదివేది. ఒకసారి నా ఎదురుగానే ఒక అంగన్‌వాడీ టీచర్‌ను ఆపేసింది. "ఆర్నెల్ల కింద ముప్పై ఆరు ఉంటివి. ఇయాల ముప్పై నాలుగు. తిండి తగ్గించినవా? లేదా? అయితే జాకెట్ ఎనక చూద్దాం గని, ముందు ఈ చెల్లెకు రక్తం ఇచ్చి రా." ఇస్తే, ఆ టీచర్‌కు షుగర్ బాగా ఎక్కువే ఉంది. మా ల్యాబ్ ఓనరు నవ్వుతూ, మీ ఆపా ఉండగా మనకు డాక్టర్లెందుకమ్మా అనేవాడు. అలా ఊరందరి ఒళ్ళూ చదివిన మనిషి, తన ఎడమ భుజం నెలరోజులుగా లాగుతుంటే గుడ్డ లాగి లాగి వచ్చిందనుకుంది. నాతో చెప్పింది కూడా. "అవ్ ఆపా, అంతే అయ్యుంటది" అన్నాను నేను. రోజూ పదిమందికి రక్తం తీసేదాన్ని, పక్కవీధిలో ఉన్న మనిషిని ఒక్కసారి వచ్చి పొమ్మనలేకపోయాను. తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పాపను గుడియా అనేది. ఏడాదిన్నర వరకు గుడియా అందరు పిల్లల్లాగే ఉంది. నడిచింది, మూడు మాటలు నేర్చింది. అమ్మీ, పానీ, ఆటో. రెండేళ్ళు నిండేలోపు ఆ మాటలు పోయాయి. ఆ సంగతి ఆపా నాకు కత్తెర ఆడిస్తూనే చెప్పింది. "ముందుగాల ఆటో పోయింది చెల్లె. ఎనక పానీ పోయింది. అమ్మీ ఎప్పుడు పోయిందో నాకు తెల్వలే. ఇయాల అనకుంటే రేపంటదిలే అనుకున్న." అప్పుడే పాప చేతులు కూడా మారాయి. బొమ్మ పట్టుకోవడం, రొట్టె ముక్క పట్టుకోవడం మానేసి, రెండు చేతులూ కలిపి బట్టలు పిండుతున్నట్టు పిండుకోవడం మొదలైంది. మెలకువగా ఉన్నంతసేపూ అదే. వేళ్ళ మధ్య చర్మం లేచిపోయేది. ఆపా మెత్తటి పాత గుడ్డతో చేతి తొడుగులు కుట్టి తొడిగేది.

ఖమ్మంలో చూపిస్తే కొంతమంది పిల్లలు ఆలస్యంగా మాట్లాడతారన్నారు. హైదరాబాదులో పెద్దాసుపత్రిలో ఒక డాక్టరమ్మ రక్తం పరీక్షకు పంపి, జన్యువులో పుట్టుకతోనే ఒక చిన్న తప్పు ఉందని చెప్పింది. ఎక్కువగా ఆడపిల్లలకే వస్తుంది, ఎక్కడో ఒకరికి వస్తుంది. మాట పోతుంది, చేతుల పట్టు పోతుంది, నడక పోతుంది, ఊపిరి మధ్యమధ్యలో ఆగుతుంది, ఫిట్స్ వస్తాయి. మెదడు ఎదగాల్సినంత ఎదగదు కాబట్టి తల పెరగడం ఆగిపోతుంది. దీన్ని నయం చేసే మందు లేదు. జబ్బు పేరు పలకడానికి నాకే నోరు తిరగదు. ఆపా దాన్ని ఎన్నడూ పలకలేదు, "ఇది" అని మాత్రమే అనేది. "ఇది ఇంట్లకు వచ్చింది, ఇగ పోదు. ఏం తీస్కపోతదో చూస్కుంట కూసోవాలె" అనేది.

ఆ డాక్టరమ్మే కొద్దిమంది పిల్లల మీద ఒక కొత్త సిరప్ పరీక్షిస్తోంది. అది పనిచేస్తుందో లేదో ఎవరికీ తెలియదని కూర్చోబెట్టి మరీ చెప్పింది. గుడియాకు అప్పుడు నాలుగేళ్ళు. ఆపా సంతకం పెట్టేసింది. నెలనెలా పాప బరువు, తల కొలత, ఫిట్స్ ఎన్నిసార్లు వచ్చాయో రాసి, రక్తంతో పాటు పంపాలి. హైదరాబాదుకు నెలనెలా బస్సులో పోతే దారిలోనే ఫిట్స్ వస్తున్నాయని, ఆరు నెలలకొకసారి వస్తే చాలు, మిగతా నెలల్లో దగ్గర్లోని ల్యాబులో చేయించమన్నారు. అలా ఆ పని నా దగ్గరికొచ్చింది. ప్రతి నెలా మొదటి సోమవారం. ఫారం అడుగున "కొలిచినవారి సంతకం" అని ఒక గడి ఉండేది.

మొదటి సోమవారమే మా ఇద్దరికీ పడింది. నేను ల్యాబులో ఉన్న టేపు తీసి పాప తల చుట్టూ పెట్టబోతే ఆపా లాక్కుంది. దాన్ని తన టేపు పక్కన పరిచి నా ముఖం ముందు పెట్టింది. "చూడుండ్రి మేడం, మీ టేపు సాగింది. గిట్ల సాగిన టేపుతోని కొలిస్తే ఉన్నదానికంటె తక్కువ చూపిస్తది. డాక్టర్లకు గిదే పంపుతరా?" నిజంగానే సాగింది. నాకు తల కొట్టేసినట్టయింది. "సరే, నువ్వే కొలువు" అన్నాను. భర్త పాప చేతులు పట్టుకుంటే, ఆపా నోట్లో సూదులతోనే నుదుటి మీదుగా టేపు తిప్పి "పంతొమ్మిది" అని అరిచింది. నేను అంగుళాలను సెంటీమీటర్లలోకి మార్చి రాసి, అడుగున నా సంతకం పెట్టాను. తర్వాత ప్రతి నెలా అలాగే జరిగింది. కొలిచింది ఒకరు, సంతకం ఇంకొకరిది. ఆమెకు నమ్మకం, నాకు తీరుబడి.

మందు మొదలవడానికి ముందు హైదరాబాదులో కొలిచింది పద్దెనిమిదిన్నర. ఏడాదిగా అక్కడే ఆగిపోయిన తల, మందు మొదలయ్యాక అరంగుళం పెరిగింది. డాక్టరమ్మ ఫోన్ చేసి, ఇప్పుడే సంబరపడొద్దు, ఇంకా చూద్దాం అంది గానీ ఆమె గొంతులోనే సంబరం ఉంది. తర్వాతి నెలల్లో కూడా పంతొమ్మిదికి తగ్గలేదు. ఇంకో మార్పు కూడా మా వీధికంతా తెలుస్తోంది. మిషన్ మునుపటంత తరచుగా ఆగడం లేదు. కిరాణా కొట్టు ఆయన సహా అందరం గమనించాం. కానీ ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో రాసే గడి ఆ ఫారంలో లేదు.

"నా గుడియా ఆది జాకెట్ చెల్లె" అనేది ఆపా ఆ రోజుల్లో. కొలతకని ఇచ్చే పాత జాకెట్‌ను ఆది అంటారు. దాన్ని పరిచి, దాని ప్రకారం కొత్త గుడ్డ కోస్తారు. "దీన్ని చూసే మిగిలిన పిల్లలకు మందు కోస్తరు." ఆ మాట అంటున్నప్పుడు ఆమె మెడ కొంచెం నిటారుగా అయ్యేది.

ఆ వేసవిలోనే దుమ్ముగూడెం వైపు ఇంకో పాప దొరికింది. ఆపా పెళ్ళి జాకెట్లు ఇవ్వడానికి గుడియాను చంకనేసుకుని అటు వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు బస్సు ఒక స్టేజీలో ఆగితే, చెట్టు కింద కూర్చున్న ఒకామె ఒళ్ళో రెండేళ్ళు దాటిన పిల్ల చేతులు పిండుకుంటూ కనిపించింది. కదిలే బస్సును ఆపించి దిగింది. ఆమెది అడవిలోపలి ఊరు. కూలికి పోతుంది, ఏ కాలంలో దొరికేది ఆ కాలంలో అడవిలో ఏరుకుంటుంది, తెలుగు కొద్దిగా వచ్చు. ముక్కూ మొహం తెలియని మనిషి పిల్ల చేతులకేసి అలా చూస్తుంటే భయపడి కొంగు కప్పేసింది. ఆపా ఇంకేం మాట్లాడకుండా ఆమె ఎదురుగా మట్టిలో కూలబడి, గుడియా తొడుగులు తీసేసి చూపించింది. నాలుగు చేతులూ ఒకేలా పిండుకుంటున్నాయి. అప్పుడు ఆమె కొంగు తీసింది.

"గాలి సోకిందన్నరు మా ఊళ్ళ" అందట. "నాక్కూడ గట్లనే అన్నరు" అందట ఆపా.

పరీక్షకు రక్తం తీయడానికి ఆ ఊరికి నేనూ వెళ్ళాను. రోడ్డు అయిపోయాక ఆటో దిగి అడవిలో చాలాసేపు నడిచాం. ఆ పిల్ల ఉన్నట్టుండి నవ్వేది. ఎవరూ ఏమీ అనకుండానే, ఎటో చూస్తూ పకపకా నవ్వేది. గుడియా కూడా ఆ వయసులో అలాగే నవ్వేదని, ఆ నవ్వు తర్వాతే ఫిట్స్ మొదలయ్యాయని ఆపా నా చెవిలో చెప్పింది. సూది చూడగానే తల్లి పిల్లను వెనక్కి లాక్కుంది. నేను ఎన్ని చెప్పినా వినలేదు. ఆపా కుడి చేతి గాజులు పైకి జరిపి, మోచెయ్యి నా ముందు చాపింది.

"ముందు నాకు తియ్యి."

"నీ రక్తం నాకెందుకు ఆపా?"

"నీకెందుకో కాదు. ఆమె చూడాలె."

తీశాను. ఆ తర్వాత గుడియాకు కూడా తియ్యమంది. అదీ తీశాను. అప్పుడు ఆ తల్లి తనంతట తనే పిల్లను తెచ్చి నా ముందు కూర్చోబెట్టింది. రెండు నెలలకు ఫలితం వచ్చింది. అదే జబ్బు. ఆ పిల్లకు ఇంకా రెండు మాటలు మిగిలి ఉన్నాయి.

జూలైలో హైదరాబాదు వెళ్ళాలి. ఆరు నెలలైంది, అక్కడ వాళ్ళే కొలుస్తారు. సరిగ్గా ఆ వారమే గోదావరి పొంగింది. మూడో ప్రమాద హెచ్చరిక దాటి, రోడ్లు మునిగి, బస్సులు ఆగిపోయాయి. ప్రయాణం తప్పిపోయింది. నేను పంపిన కాగితాలనే చూసి డాక్టరమ్మ ఆగస్టు మొదట్లోనే ఫోన్ చేసింది. గుడియాకు వచ్చే నెల నుంచి మందు రెట్టింపు ఇస్తారు. దుమ్ముగూడెం వైపు పాపకు కూడా మొదటి నుంచే ఆ పెద్ద మోతాదుతోనే మొదలుపెడతారు. చిన్న వయసు కాబట్టి, మాటలు పోకముందే పట్టుకోవాలన్నది ఆమె ఆలోచన. ఆపా ఆ రోజు వీధంతా చెప్పుకుంది.

మరుసటి సోమవారం ఆపాకు జ్వరం. భర్త ఒక్కడే పాపను తెచ్చాడు. ల్యాబుకు అప్పటికి కొత్త టేపు కొనిపించాను. మొదటిసారి నేనే కొలిచాను. పద్దెనిమిదిన్నర వచ్చింది. పాప కదిలిందేమో అనుకుని మళ్ళీ పెట్టాను. పద్దెనిమిదిన్నర. మూడోసారి కూడా అంతే. ఒక్క నెలలో తల అరంగుళం తగ్గదు. ఆయనకేమీ చెప్పకుండా ఫారం ఖాళీగా పెట్టి, సాయంత్రం ల్యాబు మూశాక ఆపా ఇంటికి వెళ్ళాను.

శ్రావణమాసం, పెళ్ళిళ్ళ జాకెట్లు గుట్టగా ఉన్నాయి. జ్వరంతోనే కుడుతోంది. గుడియా పక్కన చాప మీద ఉంది. ఆయన గుమ్మంలో ఆటో సీటు తుడుస్తున్నాడు.

"ఆపా, గుడియా తల నువ్వు ఎట్ల కొలుస్తవ్?" అన్నాను.

"ఎట్ల కొలుస్తరు? నుదురు మీదికెల్లి, ఎనకాల బుడిపె మీదికెల్లి."

"టేపు మీద కనిపించిన నంబరే నాకు చెప్తవా?"

"టేపు మీదది చెప్తే ఎట్ల? పెరిగే పిల్ల గదా. అరంగుళం ఇడిచే చెప్త. టోపీ కుట్టినా గంతే, గౌను కుట్టినా గంతే. ఒంటికి ఉన్నంతే ఏ టైలరన్న..."

మాట అక్కడే ఆగింది. తన మాట తనకే వినిపించింది. సూదులు ఒక్కొక్కటే నోట్లోంచి తీసి దిండుకు గుచ్చింది. లేచి టేపు తీసుకుని పాప పక్కన కూర్చుంది. కొలిచింది. టేపు వదిలేసి, మళ్ళీ కొలిచింది. ఎన్నిసార్లు కొలిచిందో నేను చూడలేకపోయాను. నా కళ్ళు గోడ మీదికి తిప్పుకున్నాను. ఇరవై ఏళ్ళుగా వేల ఒళ్ళకు పట్టిన చెయ్యి అది. కనబడిన అంకెకు అరంగుళం కలపడం ఆమెకు ఊపిరి తీసుకోవడమంత అలవాటు. తను కలుపుతున్నానని కూడా తనకు తెలియదు. తెలుసుకోవాల్సినదాన్ని నేను. సంతకం నాది.

"మందుతోని పెరగలేదన్నట్టు" అంది చివరికి.

గుమ్మంలోంచి ఆయన లోపలికొచ్చాడు. విషయం అర్థం చేసుకోవడానికి ఆయనకు ఎక్కువసేపు పట్టలేదు. "ఎవరికి తెలుసు? మన ముగ్గురికే గదా. నోరు మూసుకుంటే అయిపోయె. వచ్చే నెల మందు రెట్టింపు వస్తది. అప్పుడు నిజంగనే పెరుగుతదేమో. ఊపిరి ఆగుడు తగ్గింది, నీకు కనిపిస్తలేదా? చెప్పినవంటే ఉన్న మందు కూడ బంద్ చేస్తరు" అన్నాడు.

నిజం చెబుతున్నాను, ఆయన మాట నాకు ఎంతో హాయిగా వినిపించింది. నా ఉద్యోగం, నా సంతకం, అన్నీ ఆ మాట చాటున దాక్కోవచ్చు. ఆపా కూడా సరేనంటే బాగుండునని నేను మనసులో కోరుకున్నాను. ఆమె మాత్రం ఆయన వైపు చూడనైనా లేదు.

"ఆ దుమ్ముగూడెం దిక్కు పిల్లకు నా గుడియా కొలతతోని మందు కోస్తున్నరు. ఆది తప్పైతే దాని మీద ఎన్ని గుడ్డలు ఖరాబైతయో నీకు ఎర్కేనా?" అంది. "గుడ్డ ఖరాబైతే ఇంకో గుడ్డ తెస్త. ఆమె బిడ్డ ఖరాబైతే ఏం తెచ్చియ్యాలె? నేనే గదా బస్సు దిగి పట్టుకొచ్చింది."

ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది. డాక్టరమ్మ ఎత్తగానే నమస్తే కూడా అనలేదు. "మేడం, ఆ అరంగుళం నేను ఇడిచింది. నా పిల్ల పెరగలే" అంది. తర్వాత అంతా వివరంగా చెప్పింది. నా పేరు మాత్రం తేలేదు. నాకు సిగ్గేసి, కొలవకుండా సంతకం పెట్టింది నేనని నేనే ముందుకు వంగి చెప్పాను. డాక్టరమ్మ, "ఇప్పుడే చెప్పినందుకు థాంక్స్ అమ్మా" అని పెట్టేసింది. ఆయన బయటికి వెళ్ళిపోయి ఆటో స్టార్ట్ చేశాడు. ఆ తర్వాత చాన్నాళ్ళు నాతో మాట్లాడలేదు.

రెండు వారాలకు నిర్ణయం వచ్చింది. పెద్ద మోతాదు ఎవరికీ ఇవ్వరు. దుమ్ముగూడెం వైపు పాపకు చిన్న మోతాదుతోనే మొదలుపెడతారు, ఆ పిల్లను మూడు నెలలకోసారి హైదరాబాదులోనే కొలుస్తారు. మా ల్యాబు నుంచి వెళ్ళిన అంకెలన్నీ కొట్టేశారు. గుడియాకు మందు పనిచేసిందో లేదో చెప్పే ఆధారమే లేదు కాబట్టి, ఆమెను మందు తాగే పిల్లల్లోంచి తప్పించారు. ఊపిరి సంగతి ఆపా చెప్పింది, నేనూ చెప్పాను. కానీ అప్పటికి మా మాటకు విలువ ఎక్కడుంది? ఆ పెద్ద మోతాదు ఇచ్చి ఉంటే మేలు చేసేదో కీడు చేసేదో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు.

ఆఖరి సీసా అయిపోయిన రోజు నేను అక్కడే ఉన్నాను. అడుగున అంటుకున్న దాంట్లో రెండు చెంచాల నీళ్ళు పోసి, బాగా కలిపి పాపకు పట్టింది. ఖాళీ సీసాను వెలుతురుకెత్తి చూసి పడేసింది. పది రోజులు తిరగకుండానే వీధిలో మిషన్ చప్పుడు మళ్ళీ ముక్కలు ముక్కలైంది. మేం మళ్ళీ ఆగి వినడం మొదలుపెట్టాం. ఒక్కోరోజు కుట్టే సేపు కంటే ఆగే సేపే ఎక్కువగా ఉండేది.

ఇక ఆమె మా ల్యాబు గడప తొక్కదనుకున్నాను. తర్వాతి నెల మొదటి సోమవారం పదిన్నరకు గుడియాను ఎత్తుకుని వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఏంది ఆపా, మందు బంద్ అయింది గదా?"

"అయితే కొలత బంద్ అయితదా? మందు తాగే పిల్లలను దేనితోని సరిచూస్తరు? తాగని పిల్లతోనే గదా. మందు లేకుంటే ఇది ఏం చేస్తదో కూడ ఎవరో ఒకరు రాసి పెట్టాలె."

కన్నబిడ్డ ఒక్కో మెట్టూ దిగిపోవడాన్ని నెలనెలా తెచ్చి పక్కవాళ్ళ బిడ్డ కోసం రాయించే తల్లిని నేను అంతకుముందు చూడలేదు. డాక్టరమ్మకు ఫోన్ చేసి చెబితే ఆమె కాదనలేకపోయింది. ఒక మనిషిని పంపి నాకు కొలవడం నేర్పించింది. ఆపా పట్టుబట్టి ఫారంలో ఒక కొత్త గడి పెట్టించింది, ఊపిరి ఆగడం, రోజుకు ఎన్నిసార్లని. ఆ తర్వాత దాదాపు రెండేళ్ళపాటు ఒక్క సోమవారం కూడా తప్పలేదు. నేను కొలిచేదాన్ని. ఆమె పాప చేతులు పట్టుకుని, టేపు వైపు చూడకుండా కిటికీ వైపు చూసేది. గుడియాకు నడక పోయింది, మింగడం కష్టమైంది, వీపు ఒక పక్కకు ఒరిగింది. అన్నీ రాశాం.

ఆపా పోయాక వచ్చిన మొదటి సోమవారం, అంటే మొన్న, నేను ఎవరికోసమూ ఎదురుచూడలేదు. పదిన్నరకు బయట ఆటో ఆగింది. ఆయన గుడియాను ఎత్తుకుని వచ్చాడు. పాప చేతులు పిండుకుంటూనే ఉంది. కళ్ళు మాత్రం ఆయన భుజం మీదుగా గుమ్మం వైపే ఉన్నాయి, వెనకాల ఇంకొకరు రావాల్సి ఉన్నట్టు.

"తేవాల్నా వద్దా అని నాతోని నేనే కొట్లాడుకున్న మేడం" అన్నాడు. చొక్కా జేబులోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. "ఆమె పోయినప్పటి సంది ఊపిరి ఎన్నిసార్లు ఆగిందో రాసిన. ఆటో నడపలే, పక్కనే కూసున్న. రాత్రిపూట నిద్రపట్టి ఏమన్న తప్పి ఉంటే, తప్పిందని రాసుకోండ్రి."

పాపను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రెండు చేతులూ పట్టుకున్నాడు. బరువు కిలో తగ్గింది. తల మూడుసార్లు కొలిచాను. ఆయన కిటికీ వైపు చూడలేదు, టేపు వైపే చూస్తున్నాడు.

"పెరగలే గదా?"

"లేదన్నా. పెరగలే."

"ఆ దుమ్ముగూడెం దిక్కు పిల్ల ఎట్లుంది?"

"ఆ రెండు మాటలు ఇంకా ఉన్నయట. మొన్న వాళ్ళమ్మ ఫోన్ చేసింది."

ఆయన తలొంచుకుని పాప నెత్తి మీద గడ్డం ఆనించాడు. నేను పెన్ను పట్టుకుని ఊరికే కూర్చున్నాను.

"ఆ రోజు నోరు మూసుకోమన్నది నేనే" అన్నాడు. తర్వాత, "గుడియాది ఇది రాస్తే ఆ పిల్లకు పనికొస్తదా మేడం?"

"వస్తది."

"అయితే ఎంతున్నదో గంతే రాయుండ్రి" అన్నాడు, పాప చేతులు వదలకుండా.